బెల్టు కింద చర్మం

తెల్లవారుజామున రొయ్యల వల లాగుతున్నవాళ్ళకు శవం తగిలింది.

బకింగ్‌హాం కాలువ. చిట్టమూరుకు తూర్పున, రంగనాయకులు రైసు మిల్లు రేవుకు కేక దూరం. 1961 ఫిబ్రవరి.

సబ్ ఇన్‌స్పెక్టర్ హెబ్రోను గట్టు మీద మోటారు సైకిలు ఆపేసరికి ఏడున్నర అయింది. శవాన్ని ఒడ్డుకు చేర్చి తాటాకు చాప మీద వెల్లకిలా పడుకోబెట్టారు. హెడ్ కానిస్టేబుల్ హజరత్తయ్య జనాన్ని వెనక్కి తోస్తున్నాడు.

"ఎవరు?"

"మస్తానయ్య సార్. రంగనాయకులు గారి మిల్లులో కూలి. వడ్లు ఉడకబెట్టే తొట్ల కాడ పని."

"ఈత రాదా?"

"కాలువ గట్టున పుట్టినోడు సార్. ఈత రాకపోవడమేంది?"

హెబ్రోను శవం పక్కన గొంతుక్కూర్చున్నాడు.

నలభై ఏళ్ళ మనిషి. కష్టం చేసిన ఒళ్ళు. రొమ్ము మీద, పొట్ట మీద, తొడల మీద చర్మం పొరలుగా ఊడి వేలాడుతోంది. నడుము చుట్టూ మాత్రం నాలుగు వేళ్ళ వెడల్పున ఒక తెల్లటి పట్టీ. ఏళ్ళ తరబడి బెల్టు కట్టే మగవాళ్ళకు ఉండే గుర్తే అది. చూసినవాళ్ళెవరూ దాన్ని పట్టించుకోలేదు. హెబ్రోను కూడా అప్పటికి పట్టించుకోలేదు.

డాక్టరు ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని వచ్చాడు. వంగకుండానే చూశాడు.

"ఉప్పు నీళ్ళు. ఒళ్ళు నానిపోయింది. మునిగి చచ్చిపోయాడు. ఇంకేముంది?"

మధ్యాహ్నానికి సర్టిఫికెట్ వచ్చేసింది. సాయంత్రానికి మస్తానయ్యను పూడ్చేశారు.

కేసు ముగిసినట్టే. కానీ హెబ్రోనుకు ఆ రాత్రి అన్నం సయించలేదు. శవం అరికాళ్ళు కళ్ళముందు మెదిలాయి. నీళ్ళలో పడ్డ శవానికి ముందు నానేవి అరచేతులు, అరికాళ్ళు. ముడతలు పడి తెల్లబారతాయి. మస్తానయ్య అరికాళ్ళు మామూలుగా ఉన్నాయి. రొమ్ము మీద చర్మం మాత్రం ఊడిపోయింది.

ఎక్కువసేపు నీళ్ళలో లేని మనిషికి చర్మం ఎట్లా ఊడింది?

* * *

మర్నాడు పొద్దున్నే మస్తానయ్య గుడిసెకు వెళ్ళాడు.

అతని భార్య మాలకొండమ్మ గడప దగ్గర కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. పక్కనే ఆమె తమ్ముడు ఓబులేసు. ఆ మిల్లులోనే బాయిలరుకు ఊక వేసి మంట పెట్టే ఫైర్‌మాన్. సబ్ ఇన్‌స్పెక్టరును చూడగానే లేచి నిలబడ్డాడు. కళ్ళెత్తలేదు.

"మీ ఆయన కాలువకు ఎప్పుడు పోయాడమ్మా?"

"పొద్దు కూకినాక."

"ఎందుకు?"

"నీళ్ళు పోసుకోవడానికి. ఊక దుమ్ము గదయ్యా."

"ఇంట్లోంచే పోయాడా?"

"ఇంట్లోంచే."

హెబ్రోను గుడిసె లోపలికి చూశాడు. "ఆ బెల్టు కట్టుకుని పోలేదా?"

ఆమె ఒక్క క్షణం తడబడింది.

"లేదయ్యా. ఆడ తగిలిచ్చి పోయినాడు."

గుడిసె లోపల గుంజకు కొట్టిన మేకుకు తోలు బెల్టు వేలాడుతోంది. డబ్బులు పెట్టుకునే జేబు ఉన్న వెడల్పాటి బెల్టు. హెబ్రోను దాన్ని తీసి చేత్తో వంచబోయాడు.

వంగలేదు. రోజూ ఒంటి చెమటకు మెత్తబడి ఉండాల్సిన తోలు కట్టెలా బిగుసుకుపోయింది. అంచులు లోపలికి ముడుచుకున్నాయి. నెర్రెలు విచ్చింది.

అప్పుడు గుర్తొచ్చింది ఆ తెల్లటి పట్టీ.

బెల్టు పట్టుకుని బయటికి వచ్చాడు. కాలువ వైపు చూశాడు. మిల్లు పొగగొట్టం కనబడుతోంది. కోతల కాలం. ఊళ్ళో కళ్ళాలన్నీ వడ్లతో నిండి ఉన్నాయి. రాత్రింబవళ్ళు నడవాల్సిన మిల్లు.

పొగగొట్టంలో పొగ లేదు.

"మిల్లు ఎప్పుడు ఆగింది, హజరత్తయ్యా?"

"మొన్న మధ్యాహ్నం సార్. ఏదో రిపేరంట."

మొన్న మధ్యాహ్నం. మస్తానయ్య చనిపోయిన రోజు.

* * *

ఆ సాయంత్రం హెబ్రోను అందర్నీ మిల్లు బాయిలరు షెడ్డులోకి పిలిపించాడు. యజమాని రంగనాయకులు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. మడత నలగని ఖద్దరు. పెద్దమనిషి అని ఊళ్ళో పేరు. మేస్త్రీ, కూలీలు గోడ వెంట నిలబడ్డారు. మాలకొండమ్మ, ఓబులేసు ఒక మూల.

హెబ్రోను బెల్టు ఎత్తి చూపించాడు.

"మస్తానయ్య దీన్ని ఇంట్లో విప్పి కాలువకు పోయాడని ఈమె చెప్పింది. అంటే నీళ్ళలో పడేటప్పటికి నడుముకు బెల్టు లేదు. ఒళ్ళంతా ఒకే నీళ్ళలో ఉంది. నిజంగా ఆ నీళ్ళకే చర్మం ఊడితే నడుము దగ్గర కూడా ఊడాలి. ఊడలేదు. బెల్టు ఉండే చోట మాత్రం చర్మం చెక్కుచెదరలేదు. ఎందుకు?"

బెల్టును తన నడుముకు అడ్డంగా పట్టి చూపించాడు.

"చర్మం ఊడేటప్పుడు బెల్టు నడుముకే ఉంది కాబట్టి. అది నీళ్ళు చేసిన పని కాదు. ఆవిరి చేసిన పని. తోలు అడ్డం ఉన్న చోటికి ఆవిరి చేరలేదు. ఆ వేడికి తోలే ఇట్లా అయింది."

షెడ్డులో తొట్ల వైపు పోయే ఆవిరి పైపు దగ్గరికి నడిచాడు.

"ఈ జాయింటు చూడండి. పైపంతా మసి. దీనికి చుట్టిన ఆస్బెస్టాస్ తాడు మాత్రం కొత్తది. ఇక్కడ పేలింది. మస్తానయ్య దీనికి ఎదురుగా ఉన్నాడు. ఇదిగో, సేఫ్టీ వాల్వు. దీని కాడ మీద తుప్పు రాలి వైరు చుట్టిన గుర్తులున్నాయి. ప్రెషర్ పెరిగినా వాల్వు తెరుచుకోకుండా ఎవరో దీనికి బరువు కట్టారు."

రంగనాయకులు వైపు తిరిగాడు.

"మిల్లులో మనిషి చచ్చిపోతే ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరుకు వెంటనే నోటీసు పంపాలి. బాయిలరుకు ప్రమాదం జరిగితే ఇరవైనాలుగు గంటల్లో బాయిలరు ఇన్‌స్పెక్టరుకు రిపోర్టు రాయాలి. మీరు రాశారా?"

రంగనాయకులు ఖద్దరు మడత సర్దుకున్నాడు.

"రాయలేదు. రాస్తే వాళ్ళు వచ్చి బాయిలరుకు సీలు వేస్తారు. కోతల కాలం, రేవులో పడవ కాచుకుని ఉంది. అందుకని ప్రమాదాన్ని గేటు బయటికి పంపించారు. కాలువలో పడేస్తే అది మీ మిల్లు ప్రమాదం కాదు కదా!"

హెబ్రోను గొంతులో గెలుపు ఉంది. దాచుకోలేకపోయాడు. డాక్టరు చూడనిది తను చూశాడు.

మూలనుంచి సన్నగా మాలకొండమ్మ గొంతు వినిపించింది.

"ఆ బెల్టు నేనే తీసినా సామీ."

"ఎక్కడ?"

"ఊక కొట్టులో. పొట్ట ఉబ్బిపోయి బిగుసుకుంటే, ఊపిరి ఆడటంలే అంటే, నేనే తీసినా."

హెబ్రోను బిత్తరపోయాడు.

"ఊపిరి... అప్పటికి బతికే ఉన్నాడా?"

"దీపాలు పెట్టిందాకా ఉండాడు. మాట్లాడతానే ఉండాడు. నీళ్ళడిగినాడు. పోసినా."

హెబ్రోను ఆమె వైపు రెండడుగులు వేశాడు.

"ఆసుపత్రికి ఎందుకు తీసుకుపోలేదమ్మా?"

ఆమె రంగనాయకులు వైపు చూసి తల దించుకుంది.

"ఆసుపత్రిలో ఎట్టా కాలిందని అడగతారంట. రాసుకుంటారంట. రాసుకుంటే మిల్లు మూసేస్తారంట. అరిటాకుల మీద పడుకోబెట్టి నూనె రాయమన్నారు. రాసినా."

"ఆ రోజు మిల్లు లారీ లేదా?"

గోడ దగ్గరి కూలీల్లో ఎవరో గొణిగారు. "ఉండాది సార్. సాయంత్రం బియ్యం ఏసుకోని గూడూరు పోయింది."

గూడూరు రోడ్డు ఆసుపత్రి గేటు ముందునుంచే పోతుంది.

"మరి నాతో అబద్ధం ఎందుకు చెప్పావు? వీళ్ళు బెదిరించారా?"

"బెదిరిస్తే అబద్ధం చెప్తానా సామీ? మొగుడు పోయినాక నాకేం బెదురు?" ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత అంది. "మా ఆయనే చెప్పినాడు. 'ఓబులేసు మాట బయటికి రానీబాక. వాడు చిన్నోడు. నాకైందేదో అయింది, వాణ్ణి కాపాడుకో' అని. అదే ఆఖరు మాట."

హెబ్రోనుకు ఒక్కసారిగా అర్థమైంది. అప్పటికే ఆలస్యమైంది. ఓబులేసు ముందుకు వచ్చాడు.

"వాల్వుకు ఇనుము కట్టింది నేనే సార్."

"ఒరేయ్! నోరు ముయ్యి!" మాలకొండమ్మ అరిచింది.

"కట్టినాను సార్. మా బావను నేనే చంపుకున్నా."

"ఎవరు కట్టమన్నారు?"

"అయ్యగారు. ఆవిరి చాలడంలేదు, పడవకు సరుకు అందదు, కట్టు అన్నారు. భయమేసి వద్దన్నా. రేపట్నించి రావద్దన్నారు. కట్టినా."

హెబ్రోను గోడ వైపు తిరిగాడు.

"ఎవరైనా విన్నారా?"

మేస్త్రీ పైకప్పు వైపు చూశాడు. కూలీలు నేల చూశారు.

"ఎవరైనా? ఒక్కరైనా?"

"బాయిలరు మోతలో ఎవురికి వినపడతాది సార్?" అన్నాడు ఓబులేసే. వాళ్ళ తరఫున తనే జవాబు చెప్పినట్టు.

"శవాన్ని కాలువకు ఎవరు మోశారు?"

"నేనూ, మేస్త్రీ."

"ఎవరు చెబితే?"

మేస్త్రీ గొంతు సవరించుకున్నాడు. "ఎవరూ చెప్పలేదు సార్. ఓబులేసు ఏడుస్తా అడిగితే సాయం పట్టినా."

ఓబులేసు మేస్త్రీ వైపు చూశాడు.

రంగనాయకులు కుర్చీలోంచి లేచాడు. కోపం లేదు. గొంతు కూడా పెంచలేదు.

"ఇన్‌స్పెక్టర్ గారూ, నేను ఎవరికీ ఏమీ కట్టమని చెప్పలేదు. వాడు కుర్రతనంకొద్దీ కట్టాడు. రిపోర్టు రాయలేదంటారా, అది నా తప్పే. ఒప్పుకుంటాను. ఆ గలాటాలో తోచలేదు. చట్టం ఎంత జరిమానా వేస్తే అంత కట్టేస్తాను. నా లారీ టైరు ఖరీదు కూడా చెయ్యదు."

అది నిజమే. హెబ్రోనుకు తెలుసు.

రిపోర్టు రాయనందుకు యజమానికి చిన్న జరిమానా. వాల్వు కట్టేసి మనిషి ప్రాణం తీసినందుకు, కట్టిన చేతికి జైలు. కట్టమన్న నోటికి సాక్ష్యం లేదు.

బెల్టు ఇంకా హెబ్రోను చేతిలోనే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"హజరత్తయ్యా," అన్నాడు చివరికి. "ఓబులేసును తీసుకురా."

* * *

నెల్లూరులో ప్రాసిక్యూషన్ తరఫు ప్లీడరు ఫైలు తిరగేసి పక్కన పెట్టాడు.

"యజమాని మీద సాక్ష్యం ఏది?"

"ఫైర్‌మాన్ చెబుతున్నాడు సార్. ఆసుపత్రికి పోనివ్వలేదని భార్య చెబుతోంది."

"ఫైర్‌మాన్ ముద్దాయి. తన మెడ తప్పించుకోవడానికి చెప్పాడంటారు. ఆమె ముద్దాయికి అక్క. మొదట మీకే అబద్ధం చెప్పిందని మీరే రాశారు."

"ఆ కూలీలను మళ్ళీ అడుగుతాను సార్."

"అడగండి."

అడిగాడు. కళ్ళాల్లో అడిగాడు, ఇళ్ళకు వెళ్ళి అడిగాడు. కొందరు మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టారు. ఒక ముసలాయన హెబ్రోను చెయ్యి పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. కోర్టుకు వస్తామని మాత్రం ఒక్కరూ అనలేదు. ఆ దరిదాపుల్లో ఇంకో మిల్లు లేదు.

డాక్టరు దగ్గరికీ వెళ్ళాడు.

"కాలిన గాయాలే కావచ్చు," అన్నాడు డాక్టరు. "కానీ నేను ఇచ్చిన సర్టిఫికెట్ ఇచ్చాను. పూడ్చిన శవాన్ని మళ్ళీ తవ్వుతారా? ఎందుకొచ్చిన గొడవ? కుర్రాడు నేరం ఒప్పుకుంటున్నాడుగా."

ఓబులేసు కోర్టులోనూ ఒప్పుకున్నాడు. మేజిస్ట్రేటు రెండుసార్లు అడిగినా అదే మాట. తన బావను తనే చంపుకున్నానన్నాడు. జైలు పడింది. అదే రోజు, అదే వరండాలో రంగనాయకులు గుమాస్తా జరిమానా కట్టి రసీదు తీసుకున్నాడు. శవం మోసినందుకు మేస్త్రీని మందలించి వదిలేశారు.

మాలకొండమ్మ కోర్టు మెట్ల మీద కూర్చుని ఉంది. హెబ్రోను తప్పించుకుని పోదామనుకున్నాడు. కాళ్ళు ఆగిపోయాయి.

"అయ్యా," అంది ఆమె. తిట్టలేదు. నిజంగానే అడిగింది. "మీరు కనిపెట్టకుండా ఉండుంటే, నాకు ఒకడన్నా మిగిలుండేవాడు గదా?"

ఏదో చెప్పాలని నోరు తెరిచాడు. చట్టం అనబోయాడు. న్యాయం అనబోయాడు.

"పైన అప్పీలుకు పోవచ్చమ్మా," అన్నాడు. తన గొంతు తనకే పరాయిగా వినిపించింది.

ఆమె తలూపింది. అర్థమై కాదు. ఆయన్ను అక్కడినుంచి పోనివ్వడానికి.

* * *

వానాకాలం ముందు ఒక రోజు హెబ్రోను వేరే పని మీద కాలువ గట్టున పోతున్నాడు. మిల్లు నడుస్తోంది. పొగ ఆకాశంలోకి పోతోంది. ఎందుకో మోటారు సైకిలు ఆపి లోపలికి వెళ్ళాడు.

వాల్వు కాడ మీద ఏ బరువూ లేదు. బాయిలరు ఇన్‌స్పెక్టరు ఇచ్చిన కొత్త సర్టిఫికెట్ గోడకు అద్దంలో తగిలించి ఉంది. అంతా సక్రమంగానే ఉంది.

మంట దగ్గర కొత్త ఫైర్‌మాన్ ఊక ఎత్తి వేస్తున్నాడు. ఒంటి చేత్తో. ఎడమ చేతికి మోచేతి దాకా పాత చీర గుడ్డ చుట్టి ఉంది. గుడ్డ అంచున చర్మం ఎర్రగా ఉబ్బి, బొబ్బలు కనబడుతున్నాయి.

"చేతికి ఏమైంది?"

అతను పార దించాడు. ముందు హెబ్రోను వైపు చూశాడు. తర్వాత ద్వారం దగ్గర నిలబడిన మేస్త్రీ వైపు చూశాడు.

"ఏం లేదు సార్," అన్నాడు. "ఇంట్లో గంజి వారుస్తా ఉంటే ఒలికింది."

హెబ్రోను ఇంకో ప్రశ్న వేయలేదు. అతను మళ్ళీ పార అందుకున్నాడు.