రెండు వేళ్ళ సందు

ఆ అపార్టుమెంట్ల గేటు దగ్గర వాళ్ళిద్దరూ పోట్లాడుకోవడం అది ఏడోసారి. వాచ్‌మన్‌కి అలవాటైపోయింది. ఆ లారీ హారన్ వినబడగానే మాటలు బాగా వినిపించేలా కుర్చీ దగ్గరికి జరుపుకుంటాడు.

ఇళ్ళు మార్చే లారీ అతనిది. సామాన్లు సర్దే పని వాళ్ళమ్మది. అతనితో పోట్లాడే ఆమె ఇరవై రెండు అంతస్తుల ఆ టవర్లకి మేనేజర్. చేరి మూడు నెలలే, ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు. చేతిలో ఎప్పుడూ కొలిచే టేపు ఉంటుందని అతను ఆమెకి 'టేపు మేడమ్' అని పేరు పెట్టుకున్నాడు. ఆమె ఏం తక్కువ తినలేదు. వచ్చిన ప్రతిసారీ మినహాయింపు అడుగుతాడని మొహం మీదే 'మినహాయింపు గారూ' అని పిలుస్తుంది.

గొడవంతా గేటు గురించే. లోపలికి వెళ్ళే దారి మొదటి అంతస్తు కింద నుంచి పోతుంది. పైన అడ్డంగా కాంక్రీటు బీము. తొమ్మిది అడుగులు దాటిన లారీ దాని కిందికి రాకూడదని రూలు. పెద్ద లారీలు రోడ్డు మీదే ఆగాలి. సామాన్లు చిన్న ట్రాలీల్లోకి మార్చుకుని, ఒంటిగంటలోపు పైకి చేర్చుకోవాలి.

"మేడమ్, ఈ ఒక్కసారికి..."

"మినహాయింపు గారూ, ఈ మాట ఆరుసార్లు విన్నాను."

"ఈసారి అలా కాదండీ. లోపల నూట నలభై పెట్టెల పుస్తకాలున్నాయి. ఒకసారి పైకి చూడండి."

చూసింది. ఒక చినుకు సరిగ్గా వచ్చి ఆమె కళ్ళజోడు మీద పడింది. లారీ వెనక, ఇల్లు మారుతున్న రిటైర్డ్ మాస్టారు నిలబడి ఉన్నారు. తన నెత్తి తడుస్తున్నా గొడుగు మాత్రం లారీ తలుపు సందుకి అడ్డం పట్టారు.

ఆమె మనసు కరిగిపోయింది. టేపు తీసి లారీనీ, బీమునీ కొలిచింది.

"రెండు వేళ్ళ సందుంది," అంది గొంతు తగ్గించి. "వినండి. ఇంకో మినహాయింపు ఇస్తే ఇంటికి పంపిస్తానని అసోసియేషన్ ప్రెసిడెంటు గారు చెప్పేశారు. ఆయన క్లబ్ హౌస్‌లో మీటింగ్‌లో ఉన్నారు. ఒంటిగంటకి బయటికొస్తారు. అప్పటికి మీ లారీ ఇక్కడ కనబడకూడదు."

"లోపలికి వెళ్ళింది బయటికి రాదా మేడమ్? పన్నెండున్నరకే మాయమైపోతాం."

ఆమె నవ్వింది. ఏడు పోట్లాటల్లో మొదటిసారి. ఎడమ బుగ్గ మీద సొట్ట పడింది. ఆ సొట్ట సంగతి ఎవరైనా ముందే చెప్పి ఉంటే పాపం అతను జాగ్రత్తపడేవాడేమో! ఆమె లారీ అనుమతి ఫారం మీద సంతకం పెట్టింది, అతనూ పెట్టాడు. అందులో ఒక గడి ఖాళీగా మిగిలిపోయింది. ఇద్దరికీ అది పట్టలేదు.

ఇక పని చూడాలి! ఇద్దరు కూలీలు, అతను, సర్వీసు లిఫ్టు, పద్దెనిమిదో అంతస్తు. లిఫ్టు గోడలు గీసుకోకుండా ఆమె దగ్గరుండి దుప్పట్లు కట్టించింది. కట్టించాక కూడా అక్కడే ఉంది.

"పెట్టె మీద 'కవిత్వం' అని ఉంది. ఇంత బరువా?"

"నేను మోస్తాను గానీ చదవను మేడమ్."

"చదివితే బరువు తగ్గుతుందేమో చూడండి."

పైన వాళ్ళమ్మ నడుం మీద చేతులేసుకుని నిలబడింది. "ఒరేయ్, ఆ పెట్టె ఇందాక పైకి తెచ్చిందే కదరా! మళ్ళీ కిందికెందుకు తీసుకెళ్ళావ్?"

అతను పెట్టె దించేసి మళ్ళీ లిఫ్టు వైపు పరిగెత్తాడు.

అన్నమాట ప్రకారం పన్నెండున్నరకి ఖాళీ లారీ గేటు దగ్గరికి వచ్చింది. బీము కిందికి దూరింది. కర్రుమని ఆగిపోయింది.

సామాను బరువుకి అణిగిన స్ప్రింగులు, బరువు దిగగానే హాయిగా ఒళ్ళు విరుచుకున్నాయి. వచ్చేటప్పుడు రెండు వేళ్ళు కిందున్న లారీ ఇప్పుడు బీముని ఒత్తుకుని నిలబడింది.

"కొంప ముంచావు కదరా! బరువు దిగితే బండి లేస్తుందని తెలీదట్రా?" అంది క్యాబిన్‌లోంచి వాళ్ళమ్మ.

తెలీకేం! పన్నెండేళ్ళుగా లారీ తోలుతున్నాడు.

టేపు మేడమ్ పరిగెత్తుకుంటూ వచ్చింది. "టైర్లలో గాలి తీస్తే?"

"బయటికెళ్ళే దారంతా ఎత్తెక్కాలి మేడమ్. గాలి లేకపోతే మధ్యలో ఆగిపోతుంది. బరువెక్కించాలి, అంతే."

పద్దెనిమిదో అంతస్తు నుంచి నూట నలభై పెట్టెలు దించే టైమెక్కడిది? అసలు ఆ బెంగ కూడా అక్కర్లేకపోయింది. మీటింగ్ ముందే ముగిసింది. గొడుగులేసుకుని నలభై మంది వస్తున్నారు. అందరికంటే ముందు ప్రెసిడెంటు గారు, ఆయన కంటే ముందు ఆయన పొట్ట.

"ఈ లారీని ఎవరు రానిచ్చారు?"

"తప్పు నాదండీ," అని అతను అడ్డమొచ్చాడు. "మేడమ్ వద్దంటున్నా నేనే..."

"అబద్ధం సర్. నేను వద్దనలేదు. సంతకం నాదే," అంది ఆమె. "నా ఉద్యోగం సంగతి తర్వాత మాట్లాడదాం. మీ కార్లు బయటికెళ్ళాలంటే ముందు లారీ కదలాలి. అది కదలాలంటే బరువు కావాలి. దయచేసి అందరూ ఎక్కండి."

గొడుగులన్నీ రెండడుగులు వెనక్కి జరిగాయి. మాస్టారే ముందుకొచ్చారు. "నా పుస్తకాలు తడవకుండా చూసిన పిల్ల. నేనెక్కుతాను." ఆయన వెనక ఒకావిడ ఎక్కింది, ఆవిడ వెనక వాళ్ళాయన, తర్వాత తోసుకుంటూ అందరూ. నవ్వులు, కేకలు, "నా కాలండీ బాబూ!"

ఆమె బీము సందులో వేలు పెట్టి చూసింది. వేలు దూరలేదు. "ఇంకొంచెం కావాలి."

కింద మిగిలింది ఒక్కరే. లారీలో ఉన్నవాళ్ళంతా ఆయన్నే చూశారు.

"నేనా?" అన్నారు ప్రెసిడెంటు గారు.

నలుగురు పట్టి లాగితే ఎక్కారు. లారీ బుద్ధిగా అణిగింది.

ఆమె వానలో లారీకి ఎదురుగా వెనక్కి నడుస్తూ చేతులు ఊపింది. "రానీ... రానీ... ఇంకా రానీ..." అతను బీముని చూడలేదు, అద్దాలు చూడలేదు. ఆమెనే చూస్తూ తోలాడు. లారీ బయటపడింది. లోపల చప్పట్లు మోగిపోయాయి.

ప్రెసిడెంటు గారు చొక్కా దులుపుకుంటూ దిగారు. కోపం తెచ్చుకుందామని చూశారు గానీ నవ్వు ఆగలేదు. "మూడు గంటల మీటింగ్‌లో ఒక్క విషయానికీ ఇంతమందీ సరేననలేదు. నువ్వు ఐదు నిమిషాల్లో అందర్నీ లారీ ఎక్కించావు. నిన్ను పంపించేస్తే వీళ్ళు నన్ను బతకనివ్వరు. ఉండు, పర్మనెంట్ చేయిస్తాను. కానీ ఇలా ఎందుకైందో రిపోర్టు కావాలి."

ఆమె కాగితం తెచ్చి అతనికిచ్చింది. "పన్నెండేళ్ళ అనుభవం! ఎలా మర్చిపోయారో ఉన్నదున్నట్టు రాయండి."

అతను తల గోక్కున్నాడు. రాశాడు. ఇచ్చి, చెప్పుల వంక చూసుకున్నాడు.

'కారణం: పొద్దున మేనేజర్ గారు నవ్వారు. ఆ తర్వాత నాకేమీ గుర్తులేదు. వారంటే నాకిష్టం.'

ఆమె రెండుసార్లు చదివింది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి హ్యాండ్‌బ్యాగ్‌లో దాచుకుంది.

"ఇది ప్రెసిడెంటు గారికి ఇచ్చేది కాదు. ఆయనకి ఇంకోటి రాయండి."

"మరి... దీనికి జవాబు?"

ఆమె పొద్దుటి ఫారం తీసి అతని ముందు పెట్టింది. మిగిలిపోయిన గడి మీద వేలు పెట్టింది. 'ఖాళీ లారీ ఎత్తు' అని ఉంది అక్కడ.

"ఇది అడగాల్సింది నేను. ఈ మూడు నెలల్లో ఎవర్నీ అడక్కుండా వదల్లేదు. మిమ్మల్ని చూస్తూ మర్చిపోయాను." బుగ్గ మీద సొట్ట మళ్ళీ పడింది.

క్యాబిన్ కిటికీలోంచి వాళ్ళమ్మ తల బయటికొచ్చింది.

"బాగానే ఉంది! ఇద్దరూ ఇద్దరే. ఇక ఏదైనా గుర్తుపెట్టుకోవాల్సింది నేనేగా! అమ్మాయ్, మీ అమ్మగారి ఫోన్ నంబరు చెప్పు తల్లీ, రాసుకుంటాను."

ఆమె చెప్పింది. వాచ్‌మన్ కుర్చీని ఇంకొంచెం దగ్గరికి జరుపుకున్నాడు.