సాక్షిబిళ్ళ లేని వివేచన

మరపులింటి మందుల గదికి తలుపు లేదు. నిద్రమందులూ నొప్పిమందులూ ఎవరి చేతికైనా అందేలా అరల్లో వరసగా ఉన్నాయి. ఇమ్మానుయేలుకు అందులో వింతేమీ కనిపించలేదు. ఆ ఉదయమే అతను చీరాలలో బస్సు దిగి, మనిషి లేని కొట్లో డబ్బులు పెట్టి ఇడ్లీ పొట్లం తీసుకున్నాడు. చినుకులు పడుతుంటే ఎవరిదో గొడుగు వేసుకుని వచ్చి ఇక్కడి గుమ్మం దగ్గర ఆనించాడు. సాయంత్రంలోగా ఎవరో ఒకరు దాన్ని సొంతదారుకి చేరుస్తారు. ముప్పై ఏళ్ళుగా లోకం అలాగే నడుస్తోంది.

వింతగా అనిపించింది ఒక్కటే. ఆ గది గడప బయట ఒకావిడ ఖాళీ పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది.

"లోపలికి వెళ్ళరేమండీ?" అన్నాడు.

"నేనొక్కదాన్నీ వెళ్ళకూడదండీ. జంటమనిషి రావాలి." ఆవిడ చేతికి నీలిపట్టీ ఉంది. "మీరేనా పరిశీలకులు? నా పేరు వివేచన."

నీలిపట్టీ అంటే సాక్షిబిళ్ళ లేదని గుర్తు.

మిగతా అందరికీ కుడి చెవి వెనక, చర్మం కింద, పెసరబద్దంత బిళ్ళ ఉండేది. అది ఆజ్ఞలిచ్చేది కాదు, శిక్షించేదీ కాదు. తనను ప్రేమించేవారెవరో పక్కనే ఉండి చూస్తున్నారన్న భావాన్ని మనసులో నిలిపి ఉంచేది. భక్తులకు అది తమ దేవుడి చూపుగా తోచేది. తప్పు చేస్తే ఆ చూపు బరువెక్కేది; లోలోపల ఒప్పుకుంటే మళ్ళీ వెచ్చబడేది. బిళ్ళ వచ్చిన పదేళ్ళకే తాళాలు చేసేవాళ్ళు వేరే పనులు వెతుక్కున్నారు. దేవుడి మీద నమ్మకం లేనిదే మనిషి మంచిగా బతకలేడన్న మాట ఇక రుజువైపోయిందని అందరూ అనుకున్నారు.

వివేచన ఇంట్లో మూడు తరాలుగా ఎవరూ ఏ దేవుణ్ణీ నమ్మలేదు. లేని చూపును ఉన్నట్టు తోచేలా చేసే బిళ్ళను ఆవిడ వద్దంది. అందుకని పదకొండేళ్ళుగా మరపులింట్లో, జ్ఞాపకశక్తి పోయిన ముసలివాళ్ళకు సేవ చేస్తున్నా, బిళ్ళ ఉన్న జంటమనిషి లేకుండా ఏ మంచం దగ్గరికీ వెళ్ళే హక్కు ఆవిడకు లేదు. మనుషులు చాలక తూర్పు వసారాలోని పన్నెండుమందికి సగం రోజు తోడుండేవాళ్ళే కరువయ్యారు. ఆ వసారా తనకొక్కదానికే అప్పగించమని ఆవిడ అర్జీ పెట్టుకుంది. నలభై రోజులు దగ్గరుండి చూసి, నమ్మదగిన మనిషో కాదో రాసివ్వడం ఇమ్మానుయేలు పని. ఆ నలభై రోజులూ జంటమనిషి ఉండదు.

అతను నిజంగా భక్తిపరుడు. ఇరవై ఒకటో ఏట బిళ్ళ పెట్టించుకున్నప్పుడు ప్రభువు సన్నిధి తెలిసిందని ఏడ్చాడు. ఈవిడ మీద ద్వేషమేమీ లేదు గానీ, ఎవరూ చూడడం లేదనుకునే మనిషి చేతికి మతిలేని ముసలివాళ్ళను ఎలా ఇవ్వడమన్నదే అతని సందేహం.

మొదటి వారం వసారా మూల కుర్చీలో కూర్చుని చూశాడు. ఆవిడ మెత్తటి మనిషేమీ కాదు. గొంతు పెద్దది. అన్నం ఉమ్మేసినవాళ్ళను కసురుకునేది. కానీ వేణ్ణీళ్ళు తన మోచేతి మీద పోసి చూసుకోకుండా ఎవరి ఒంటి మీదా పోయలేదు. జైతూన్‌బీ అనే తొంభై ఏళ్ళావిడ నమాజు చేస్తూ మధ్యలో మరిచిపోయి దిక్కులు చూస్తే, వివేచన పక్కన చేరి, తర్వాత ఏం చెయ్యాలో చెవిలో చెప్పేది.

"మీకు నమ్మకం లేదుగా. ఇదంతా ఎప్పుడు నేర్చుకున్నారు?" అని అడిగాడు ఇమ్మానుయేలు.

"ఆవిడకి ఉందిగదండీ. జ్ఞాపకం ఉన్నప్పుడే అడిగింది, నేను మరిచిపోతే అందిస్తావా అని. సరేనన్నాను."

"ఆ మాట ఆవిడకి ఇప్పుడు గుర్తుండదు."

"నాకుంది."

ముప్పై మూడో రోజు మధ్యాహ్నం ఇమ్మానుయేలు భోజనానికి వెళ్ళి వచ్చేసరికి జైతూన్‌బీ చేతికి కట్టు ఉంది. డాక్టరు అప్పుడే వెళుతున్నాడు. మంచం మీంచి జారి, మణికట్టు ఎముక చిట్లింది. ఆ మంచానికి పక్కన ఎత్తి బిగించే కమ్మీ ఉంటుంది. ముసలావిడ దాన్ని తనంతట తనే కిందికి దించుకోవడం కిందటి నెలలో రెండుసార్లు జరిగిందని అతను వసారా దినచర్య పుస్తకంలో చదివాడు.

"మళ్ళీ దించేసుకుందా?" అన్నాడు.

"లేదండీ." వివేచన మొహం పాలిపోయి ఉంది. "దుప్పటి మార్చాక నేనే కమ్మీ ఎత్తలేదు. అవతల ఎవరో పిలిస్తే వెళ్ళిపోయాను. తప్పు నాదే. రాసుకోండి."

అతను కలం తీయలేదు. బిళ్ళ లేనివాళ్ళ వల్ల ఎవరికైనా దెబ్బ తగిలిందంటే అర్జీ అక్కడితో సరి. ఆ సంగతి ఆవిడకూ తెలుసు.

"మీరు చెప్పకపోతే ఆవిడే దించుకుందని అనుకునేవాణ్ణి. ఎవరైనా అలాగే అనుకుంటారు."

"అనుకుని ఏం చేస్తారండీ? బాగున్న కమ్మీని విప్పి బాగుచేయిస్తారు. లేకపోతే ఆవిడ చేతులు కట్టెయ్యమంటారు. నేను చేసినదానికి ఆవిడ చేతులు కట్టెయ్యడమేంటి?"

ఇంతలో మంచం మీంచి పిలుపు వినిపించింది. "అరె బేటీ! నా చెయ్యికి ఏమైందే?"

వివేచన వెళ్ళి మంచం పక్కన వంగింది. "పడ్డావు బూబమ్మా. నేను కమ్మీ ఎత్తడం మరిచిపోయాను. నా వల్లే దెబ్బ తగిలింది. తప్పయిపోయింది."

"కళ్ళు నెత్తికెక్కినాయా నీకు? ముసల్దాన్ని చంపేస్తావా?" ముసలావిడ మంచి చెయ్యెత్తి ఆవిడ భుజం మీద ఒక్కటేసింది. కాసేపటికి చల్లబడి, ఆ భుజాన్నే పట్టుకుని కళ్ళు మూసుకుంది.

అరగంట తిరక్కుండానే మళ్ళీ లేచింది. "అరె, నా చెయ్యికి ఏమైందే?"

"పడ్డావు బూబమ్మా. నేను కమ్మీ ఎత్తడం మరిచిపోయాను."

మళ్ళీ కోపం. మళ్ళీ దెబ్బ. సాయంత్రం దాకా ఇమ్మానుయేలు ఆ కుర్చీలోంచి లేవలేదు. పదకొండుసార్లు అడిగింది ముసలావిడ. పదకొండుసార్లూ వివేచన అదే చెప్పింది. పడ్డావని చెప్పి ఊరుకున్నా చాలు, అబద్ధం కూడా కాదు. కానీ ఒక్కసారి కూడా ఆవిడ అంతటితో ఆపలేదు.

దీపాలు వెలిగే వేళకు అతను ఉండబట్టలేక అడిగాడు. "ఒకసారి చెప్పారు కదమ్మా. ఇన్నిసార్లు ఎందుకు?"

వివేచన అలిసిపోయి గోడకు చేరగిలబడి ఉంది. "దెబ్బ ఆవిడకి తగిలిందండీ. ఎలా తగిలిందో అడిగే హక్కు ఆవిడది. అడిగినప్పుడల్లా చెప్పాలి గదా. క్షమించమని అడగాలన్నా ఆవిణ్ణే అడగాలి. నాకింకెవరున్నారు?"

ఇమ్మానుయేలు అప్పుడు కలం తీశాడు.

నివేదికలో అతను ఏదీ దాచలేదు. కమ్మీ సంగతి రాశాడు, పదకొండుసార్ల సంగతీ రాశాడు. ఇంతటి నమ్మకస్తురాలిని తన ఉద్యోగంలో చూడలేదని చివర రాశాడు. దెబ్బ తగిలిన మాట నిజమే కాబట్టి అర్జీలు తేల్చే సంఘం నిబంధన ప్రకారం అర్జీని తోసిపుచ్చింది. కబురు చెప్పడానికి అతనే స్వయంగా వెళ్ళాడు.

"ఊహించిందేలెండి," అంది వివేచన. "మీరు ఉన్నదున్నట్టు రాశారు. అది చాలు." కొత్తగా వచ్చిన జంటమనిషిని పిలిచి పళ్ళెం అందుకుంది.

నివేదికలు ఎవరైనా చదువుకోవచ్చు. మామూలుగా ఎవరూ చదవరు. దీన్ని మాత్రం ఒకరి నుంచి ఒకరు అందుకుని ఊళ్ళకు ఊళ్ళే చదివాయి. బిళ్ళ తీసే కేంద్రాల ముందు జనం నిలబడడం మొదలైంది. అక్కడ నింపాల్సిన పత్రంలో కారణం రాయడానికి మూడే గడులున్నాయి: చీము, నొప్పి, మరణం. బిళ్ళను తయారుచేసినవాళ్ళు దొంగల గురించి ఆలోచించారు, అబద్ధాలకోరుల గురించి ఆలోచించారు. తన మంచితనం తనదో కాదో తెలుసుకోవాలని ఒక మనిషి వస్తాడని మాత్రం అనుకోలేదు. ఇమ్మానుయేలు కూడా వరసలో నిలబడి, మూడు గడులూ వదిలేసి, పక్కన ఖాళీలో "తెలుసుకోవాలి" అని రాశాడు.

ఆదివారం గుడిలో మోకరించాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో మొదటిసారి చుట్టూ ఎవరి చూపూ లేదు. భయమేసింది. అయినా ప్రార్థన చివరిదాకా చేశాడు. నమ్మకం పోలేదు. వెచ్చదనం లేకుండా, బరువు లేకుండా, ఉత్తి చేతులతో అది అక్కడే ఉంది. దానితోపాటే, ఎప్పుడో తీరిపోయిందనుకున్న ఒక పాత సంగతి కూడా లేచి కూర్చుంది.

గుడి నుంచి నేరుగా వేటపాలెం వెళ్ళాడు. చెల్లెలు ఎస్తేరు మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తోంది.

"ఏంటన్నయ్యా, చెప్పా పెట్టకుండా వచ్చావు?"

అతను నిలబడే చెప్పాడు. ఇరవై ఎనిమిదేళ్ళ కిందట, అమ్మ మంచాన పడి ఉన్నప్పుడు, సముద్రశాస్త్రం చదవడానికి రమ్మని ఎస్తేరుకు పిలుపొచ్చింది. ఇంట్లో తెర మీద దాన్ని ముందు చూసింది ఇమ్మానుయేలు. అమ్మను చూసుకునేవాళ్ళు ఉండరని చెరిపేశాడు. సీటు రాలేదనుకుని ఎస్తేరు ఏడాదంతా ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు.

మగ్గం ఆగిపోయింది.

"ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"ఆ వారమే ప్రభువు దగ్గర ఒప్పుకున్నాను. లోపలంతా వెచ్చగా అయింది. అయిపోయిందనుకున్నాను."

"ఆయన దగ్గర ఒప్పుకున్నావు," అంది ఎస్తేరు నెమ్మదిగా. "పోయిన చదువు నాది."

"అవునమ్మా."

ఆవిడ తెగిన పోగొకటి పట్టుకుని ముడేసింది. కళ్ళు తుడుచుకోలేదు. అతన్ని కూర్చోమనీ అనలేదు.

"ఇవాళ వెళ్ళు అన్నయ్యా. ఇవాళ నీ మొహం చూడలేను," అంది చివరికి. "రేపు రా."

అతను తల ఊపి బయటికొచ్చాడు. మర్నాడు పొద్దున్నే, ఆవిడ ఇంకా మగ్గం ముందు కూర్చోకముందే, వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.