గౌనుకి జేబు

పొద్దున్నే కుట్టుమిషన్ చప్పుడు మొదలైందంటే ఆ ఇంట్లో అందరూ లేచినట్టే. ముందుగదిలో దుకాణం, వెనకగదిలో కాపురం. తల్లి టీ గ్లాసు పక్కన పెట్టి, ఆసుపత్రికి అప్పజెప్పాల్సిన రోగుల గౌన్లు మడత పెడుతోంది. అన్నీ ఒకే లేతనీలం, ఒకే కొలత. మడత పెడుతూ పెడుతూ ఒకచోట ఆగిపోయింది.

గౌనుకి పసుపురంగు జేబు. దాని కిందున్న దానికి చారల జేబు. ఆ కిందదానికి పూల జేబు.

"ఏంటే ఇది?"

కూతురు మిషన్ ఆపలేదు. "జేబులు."

"కళ్లున్నాయి, కనబడుతోంది. ఎవరడిగారు నిన్ను?"

"ఎవరూ అడగలేదు. గుడ్డముక్కలు మిగిలితే కుట్టాను."

"వాళ్లిచ్చిన నమూనాలో జేబుందా? నా కుట్టుకి ఇంతవరకూ వంక పెట్టినవాళ్లు లేరు. ఇప్పుడు కట్ట మొత్తం మొహాన కొడతారు. కూర్చుని విప్పు."

ఆవిడ కోపమొచ్చినా గొంతు పెంచదు. కత్తెర మాత్రం బల్ల మీద కాస్త గట్టిగా పెడుతుంది. ఇప్పుడూ అలాగే పెట్టింది.

మిషన్ ఆగింది. "విప్పుతాను. రేపట్నుంచి మాత్రం నేను ఫ్యాక్టరీలో చేరతానమ్మా. చెప్పింది చెప్పినట్టు కుట్టడానికి అక్కడైతేనేం, ఇక్కడైతేనేం? మన దుకాణం కదా, నాకు తోచిందీ కాస్త చెయ్యొచ్చు అనుకున్నాను."

తల్లి ఈ దుకాణం నెట్టుకొస్తున్నదే ఆ పిల్ల కోసం. ఒక గౌను లాక్కుని తనే కుట్టు విప్పబోయింది.

అంతలో అమ్మమ్మ గోడ పట్టుకుని మెల్లగా వచ్చింది. ఆసుపత్రి నుంచి వచ్చి ఇంకా వారం కూడా కాలేదు. కుర్చీలో కూలబడి, పూల జేబున్న గౌను ఒళ్లో వేసుకుంది. కళ్లద్దాలు తీసి ఆ జేబులో వేసి, పైనుంచి తడిమి చూసుకుంది.

"ఇది అక్కడుంటే ఎంత బాగుండేదే," అంది మనవరాలితో. "నిద్రలో కూడా కళ్లద్దాలు గుప్పిట్లోనే. ఎక్కడ పడిపోతాయో అని ఒకటే బెంగ."

"అది చూసే కుట్టాను అమ్మమ్మా."

తల్లి చేతిలో గౌను అలాగే ఉండిపోయింది. ఆసుపత్రిలో ఆ గుప్పిట తనూ రోజూ చూసింది. వేళ్లు విప్పి, చెయ్యి తుడిచి, కళ్లద్దాలు మళ్లీ ఆ గుప్పిట్లోనే పెట్టి వచ్చింది. అమ్మ ఒంటి మీదున్నది తను కుట్టిన గౌనే. దానికో జేబుంటే బాగుండునని ఒక్కసారైనా తట్టలేదు. ఆవిడకి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

గౌను బల్ల మీద పరిచింది.

"అన్నిటికీ కుడివైపే పెట్టావు, నీ తెలివి తెల్లారినట్టే ఉంది. అమ్మమ్మకి సెలైన్ ఏ చేతికి ఎక్కించారు?"

"కుడిచేతికి."

"మరి ఆ జేబు ఎలా అందుతుంది?"

కూతురు నాలుక కరుచుకుంది.

"ఆసుపత్రివాళ్లతో నేను మాట్లాడతాను. వద్దంటే అప్పుడు ఇద్దరం కూర్చుని విప్పుదాం." తల్లి కళ్లు తుడుచుకుని, ముక్కల సంచి బోర్లించి ఎర్రచుక్కల గుడ్డ ఏరింది. "ఫ్యాక్టరీకి తర్వాత వెళ్దువుగాని. ముందు మిషన్ మీంచి లే. ఎడమవైపు జేబులు నేను కుడతాను."