అయిదుంబావు దగ్గర ఆగిన పెళ్ళి

పెళ్ళిళ్ళు కుదిర్చే పనిలోనే జుట్టు నెరిసినదాన్ని. జాతకాలు కలవక చెడిన సంబంధాలు చూశాను, అత్తగారి నోటికి జడిసి చెడినవీ చూశాను. ఆకాశంలో అయిదుంబావు భాగాలు తక్కువయ్యాయని చెడబోయింది మాత్రం ఇదొక్కటే.

పెకింగ్ పంచాంగ కచేరీలో యాన్ పెద్దాయన పాత లెక్కల మనిషి. సూర్యుడు రోజుకో భాగం నడుస్తాడు, ఏడాదికి మూడువందల అరవై అయిదుంబావు రోజులు, కాబట్టి ఆకాశ వలయానికీ అన్నే భాగాలు. తాతల నాటి లెక్క. తావ్ షెన్ అదే కచేరీలో కొత్త లెక్కల కుర్రాడు. పడమటి దేశాల నుంచి ఓడల్లో వచ్చిన పంతుళ్ళ దగ్గర నేర్చుకుని, వలయాన్ని మూడువందల అరవైకి కోసేసేవాడు.

ఓ రోజు వానకి తావ్ కాగితాల కొట్టు చూరు కింద నిలబడ్డాడు. పక్కనే పెద్దాయన కూతురు లాన్‌షీ, తండ్రికి కాగితం కొనడానికొచ్చింది. అతని చేతిలో వలయం బొమ్మ చూసి ఊరుకుందా?

“మిగతా అయిదుంబావూ ఎక్కడ దాచారు?”

“దాచలేదండీ. మూడువందల అరవై అయితే సగానికీ, మూడోవంతుకీ, పావుకీ చిక్కు లేకుండా తెగుతుంది.”

“అంటే, కోయడం చేతకాక ఆకాశాన్నే కురచ చేశారన్నమాట.”

వాన వెలిసినా ఇద్దరూ కదల్లేదని కొట్టువాడే నాకు చెప్పాడు. అప్పట్నుంచీ యాన్ వారింట్లో కాగితం తెగ అయిపోవడం మొదలైంది. ఇంతలో లాన్‌షీకి వేరే సంబంధం వచ్చింది. తావ్ పరుగున వచ్చి, ఆ పిల్ల దక్కకపోతే తనకి పెళ్ళే వద్దని నా కాళ్ళావేళ్ళా పడ్డాడు.

వెంటబెట్టుకుని వెళ్ళాను. పెద్దాయన టీ అయితే పోయించాడు గానీ మొహం గంటు పెట్టుకునే ఉన్నాడు. ఆకాశంలోనే అయిదుంబావు మింగినవాడు రేపు నా కూతురి నగలు మింగడని పూచీ ఏమిటన్నాడు. ఆ భాగాలు తెచ్చి చేతిలో పెడితే పిల్లనిస్తానన్నాడు. ఇంకేం సంబంధంలే అని నేను గొడుగు అందుకున్నాను.

తావ్ మాత్రం లేవలేదు.

“తెచ్చానండీ. మీ లెక్కలో భాగమంటే ఒక రోజే కదా. ఏడాదికి అయిదు రోజులు మీ ఇంట్లో ఉంటాను. మీరు గీయమన్నట్టే గీస్తాను, ఎదురు చెప్పను.”

“మరి పావు మాటేమిటి?” పెద్దాయన వదిలే రకమా!

“నాలుగేళ్ళు కూడబెట్టి ఓ రోజు ఎక్కువ ఉంటాను.”

పెద్దాయన గడ్డం నిమురుకున్నాడు. నవ్వు ఆపుకోవడానికేనని నాకు తెలుసు. లోపలికి తిరిగి, ఏమ్మా, నీకు సమ్మతమేనా అని కూతుర్ని అడిగాడు.

తెర వెనక నుంచి జవాబు రావడానికి క్షణం పట్టలేదు. ఆ పిల్లకి సిగ్గూ గిగ్గూ ఏమీ లేదు.

“ఆ అయిదుంబావూ మీరే ఉంచుకోండి నాన్నా. మిగతా మూడువందల అరవై నాకు చాలు.”