కారం రోట్లో మాత్ర

"నకిలీ మందులు అమ్మే బదులు మిరపకాయలు అమ్ముకోవచ్చు కదండీ!"

మాలిక్ మాత్రల అట్టని కౌంటర్ మీద విసిరాడు. అద్దంకి బస్టాండ్ పక్కన కొత్తగా మందుల షాపు పెట్టిన నస్రత్ తలెత్తి చూసింది. ఆ చూపులో కోపం ఉంటే అతనికి తేలిగ్గా ఉండేది. లేదు.

"ఏమైందండి?"

"మా నాయనమ్మకి కడుపులో మంట. డాక్టర్ రాసిన మాత్ర మీ దగ్గరే కొన్నాం. మూడు వారాలైంది, మంట తగ్గకపోగా పెరిగింది. టీ కొట్టు దగ్గర అందరికీ చెప్పే వచ్చాను."

నస్రత్ ముఖం పాలిపోయింది. షాపు తెరిచి రెండు నెలలు కాలేదు. ఈ మాట ఊరంతా పాకితే షట్టర్ దించుకోవాల్సిందే. అయినా అట్టని వెలుతురులో పెట్టి, వెనకున్న చీమ తలకాయంత అక్షరాలన్నీ ఓపిగ్గా చదివింది.

"మాత్ర మంచిదేనండి. పెద్దామె ఎలా వేసుకుంటున్నారో చూడాలి. రేపు పొద్దున్నే వస్తాను."

"రండి రండి, టీ కూడా ఇస్తాం," అన్నాడు వెటకారంగా.

మర్నాడు ఏడింటికల్లా నస్రత్ స్కూటీ మాలిక్ వాళ్ల వాకిట్లో ఆగింది. పెరట్లో కరీమున్ నాయనమ్మ చిన్న రోటి ముందు కూర్చుని, మాత్రని టకటకా దంచుతోంది.

"అదేంటి నాయనమ్మా?" అంది నస్రత్.

"గొంతుకి అడ్డం పడుద్దని భయం తల్లీ. నూరి తేనెలో నాకుతా."

"ఈ రోట్లో ఇంకేం నూరుతారు?"

"ఇంకేముంది, కారం. తుడిచే నూరుతున్నాలే!"

మాలిక్‌కి తలెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నస్రత్ మాత్రం పగలబడి నవ్వింది. ఆ నవ్వులో ఎగతాళి లేదు. అదే అతన్ని ఇంకా ఇబ్బంది పెట్టింది.

ఆమె ఇంకో మాత్ర అరచేతిలో పెట్టుకుని చూపించింది. "ఈ పసుపు పూత ఉంది చూడండి, ఇందులో మందు చుక్క లేదు. కానీ మందుకి ఇదే కాపలా. కడుపులోని పులుపు తగిలితే ఈ మందు పాడైపోద్ది. కడుపు దాటించి పేగుల్లోకి చేర్చేదాకా ఈ పూత తలుపు తియ్యదు. మీరేమో కాపలావాడినే దంచేశారు!"

"మరి లోపలంతా మందేనా?" అన్నాడు మాలిక్.

"కొంచెమే. మిగతాది పిండి, బంక, పీచు. పీచంటే సెల్యులోజ్, చెట్ల గుజ్జు నుంచి తీస్తారు. పత్తి నుంచి కూడా తియ్యొచ్చు."

"మేం పండించే పత్తా?"

"మీదో కాదో నాకు తెలీదండి. పత్తే."

నాలుగెకరాల పత్తి, రెండెకరాల మిరప చేసే మాలిక్ ఆ మాత్ర వంక కొత్తగా చూశాడు. పేరు లేకుండా ఇంత పని చేసేవి ఉంటాయని అతను ఎన్నడూ అనుకోలేదు. ఆ తర్వాత నస్రత్ వంక చూశాడు. తిట్టినవాడి ఇంటికొచ్చి, ముసలామె భయం పోగొట్టి, గుక్కెడు నీళ్లతో మాత్ర మింగించిన మనిషి. ఎంత గొప్పదీ పిల్ల, అనుకున్నాడు.

ఆ సాయంత్రమే టీ కొట్టు దగ్గర గొంతెత్తాడు. "ఒరేయ్, తప్పు మాది! మా నాయనమ్మ మాత్రని కారం రోట్లో నూరింది. నేను కనుక్కోకుండా నోరు పారేసుకున్నా. ఆ షాపులో అన్నీ మంచివే!"

కొట్టంతా గొల్లుమంది. ఆ రోజు నుంచి అతని పేరు రోలు మాలిక్. పిలిచినప్పుడల్లా పలికాడు.

నెల తిరిగేసరికి నాయనమ్మకి మంట పోయింది, షాపులో రద్దీ పెరిగింది. మాలిక్‌కి మాత్రం రోజూ ఏదో ఒక జబ్బు. తలనొప్పి, జలుబు, అదీ లేకపోతే దూది.

ఓ వానరోజు తడిసి ముద్దై షాపు మెట్టెక్కాడు. "మీరు చిన్న అక్షరాలు కూడా చదువుతారు కదండీ. నా మొహం మీదేమన్నా కనపడుతోందా?"

"చదివేసి చాలా రోజులైంది," అంది నస్రత్, అట్టలు సర్దుతూనే.

తర్వాతి శుక్రవారం కరీమున్ నాయనమ్మే నస్రత్ వాళ్లింటికి వెళ్లింది. పెద్దవాళ్లతో పెళ్లి మాటలయ్యాక నస్రత్ చేయి పట్టుకుంది.

"మా వాడి నోరు కారం తల్లీ. అది పైపూతే. లోపల మంచోడు."

"తెలుసు నాయనమ్మా," అంది నస్రత్. "నూరి చూడక్కర్లేదు."