టిక్కుమన్న నంది

"నాలుగు గంటలకు విగ్రహాల లారీ ఆళ్లగడ్డ దాటుతుంది. ఒక విగ్రహంలో విదేశీ ముఠా కొట్టేసిన, రేడియేషన్ చిమ్మే సీసియం గొట్టం ఉంది. అది పగిలితే ఊళ్లకు ఊళ్లే మంచాన పడతాయి," నంద్యాల లాడ్జిలో చీఫ్ బ్రీఫింగ్ ముగించాడు.

ఏజెంట్ హర్ష గుడి ధర్మకర్త వేషం వేశాడు. మెడలోని కెమెరాలో రేడియేషన్ డిటెక్టర్ ఉంది. ఆళ్లగడ్డ శిల్పుల వీధిలో నల్లకళ్లద్దాల అనిత ఎదురైంది. ముఠాలో ఉంటూ శాఖకు కబుర్లు చేరవేసే మనిషి.

"వినాయకుని ఎలుక ఏదీ?"

"సెలవులో ఉంది."

కోడ్ కుదిరింది. అనిత నవ్వి శిల్పి మద్దిలేటి షెడ్డు చూపించింది. ఆ నవ్వుకే హర్ష సగం నమ్మేశాడు.

షెడ్డులోని నంది విగ్రహం దగ్గర కెమెరా టిక్‌టిక్‌మంది. వీధంతా చూస్తుండగా మద్దిలేటికి బేడీలు పడ్డాయి.

"నేనేం చేసినానప్పా?"

హర్ష తన శాఖ సలహాదారు దెబోరాకు ఫోన్ చేసి టిక్కుల సంగతి చెప్పాడు. ఒకప్పుడు పదో తరగతిలో అతనికి సైన్సు చెప్పిన టీచరే.

"కెమెరాను గడప రాయి కాడ పెట్టు," అందామె.

అక్కడా అంతే టిక్కుమంది.

"అది గ్రానైట్, హర్షా! దాంట్లో రవ్వంత యురేనియం ఉంటాది. ఆ పరమాణువుల కేంద్రకం నిలవలేక దానంతటదే విరుగుతాంటాది. పరమాణువు విరగనే విరగదనుకున్న కాలం నుంచి కేంద్రకం కనుక్కున్నదాకా మూడు వారాలు చెప్తి. యాడుంటివి?"

"ఆఖరు బెంచీలో, మేడం."

"గొట్టానికి సీసం తొడిగింటారు, అది రేడియేషన్‌ను బయటికి రానీదు. టిక్కులు తగ్గేదాన్ని ఎతుకు."

హర్షకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. తిరిగి చూస్తే అనిత లేదు. బేడీలు తీసే తీరిక లేక మద్దిలేటిని అలాగే జీపెక్కించుకుని, పోలీసులతో హైవే మీద లారీని అడ్డగించాడు. మూడూ యాభై ఆరు. పన్నెండు విగ్రహాలు ఒకదానికొకటి ఆనించి ఉన్నాయి. అన్నీ కలిసి టిక్కుమంటుంటే ఏది తగ్గిందో తెలియడం లేదు.

"నన్ను ఎక్కించప్పా," అన్నాడు మద్దిలేటి.

బేడీల చేతులతోనే సుత్తి పట్టి ఒక్కోదాన్నీ తట్టాడు. ఎనిమిదో దాని దగ్గర ఆగాడు. "ఇది రాయి గాదు. రాయైతే మోగుతాది. ఇది ఫైబరు, రంగేసినారు."

లోపల సీసం పెట్టె దొరికింది. క్యాబిన్లోంచి దూకబోయిన అనిత పోలీసులకు చిక్కింది. మూడూ యాభై తొమ్మిది.

హర్ష తలెత్తలేకపోయాడు. తన తెలివితక్కువకు ఈ మనిషి పరువు పోయింది, మళ్లీ ఈ మనిషే గట్టెక్కించాడు. "తప్పు నాదేనన్నా," అంటూ బేడీల తాళంచెవి బయటికి తీశాడు.

మద్దిలేటి చేతులు వెనక్కి లాక్కున్నాడు. "ఏసినప్పుడు వీధంతా చూసిరి. ఈడ తీస్తే ఎవరు చూస్తారు?"

అయిదున్నరకు చీఫ్ ఫోన్ చేశాడు. "మిషన్ పూర్తయినట్టేనా?"

శిల్పుల వీధిలో ఒక వాకిట నిలబడి ఉన్న హర్ష, ఇప్పుడు బేడీల్లేని మద్దిలేటి వైపు చూసి గొంతు తగ్గించాడు. "లేదు సార్. ఈయన తప్పేం లేదని ఇంకా పదకొండు ఇండ్లకు చెప్పాల."