బోలు దుంగ

రేవు పక్కన కలప యార్డులో మా పని. ఎక్కడో అడవుల్లో నరికిన పెద్ద పెద్ద దుంగలు ఓడలో వచ్చి మా దగ్గర దిగుతాయి. పురుగు చావడానికి వాటికి గ్యాసు పట్టిస్తారు. ఆ తర్వాత ఇంకో ఓడెక్కి వేరే దేశం పోతాయి. నేనూ, మా చెల్లీ దుంగల మీద టార్పాలిన్ కప్పి, గ్యాసు బయటికి రాకుండా అంచుల మీద ఇసుక సంచులు పేరుస్తాం.

నాకు నలుగురిలో నోరు పెగలదు. చెల్లి అలా కాదు, యార్డులో దాన్ని రేడియో అంటారు. బస్సులో నా టికెట్టు కూడా అదే అడుగుతుంది.

మా దగ్గర ఒక కట్టుబాటుంది. నీడగా ఉంటుందని ఎవరో ఒకరు దుంగల సందున దూరి కునుకు తీస్తుంటారు. గ్యాసు వదిలితే ఇక లేవరు. అందుకని మూసేముందు ఒకరు గట్టిగా పిలవాలి. లోపల మనిషుంటే దుంగ మీద రెండుసార్లు తట్టాలి. తట్టిన చప్పుడైతే ఆ మనిషి బయటికి వచ్చేదాకా మూయకూడదు. రోజూ పిలిచేది చెల్లే.

ఆ మధ్యాహ్నం మబ్బు పట్టింది. చెల్లి సంచుల కోసం అటు చివరికి పోయింది. వాన పడేలోపు మూసేయాలని మేస్త్రీ తొందరపెడుతున్నాడు.

"రేడియో లేదుగా, నువ్వే పిలువమ్మా. మాకు వినపడకపోయినా పర్లేదు, దుంగలకు వినపడితే చాలు" అన్నాడు.

అందరూ నవ్వారు. అందరి కళ్లూ నా మీదే. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. కింది వరసలో ఒక బోలు దుంగ ఉంది, మనిషి వంగి దూరేంత బోలు. అంతమందిలో అరిచే బదులు అందులో తలపెట్టి పిలిస్తే లోపలంతా వినపడుతుందిలే అనుకుని వంగి తలపెట్టాను. పులిసిన వాసన, తడి మట్టి వాసన... దాని వెనక ఎవరో ఊపిరి వదిలినట్టు వెచ్చదనం.

"ఎవరైనా ఉంటే రండి" అన్నాను.

నా మాట తిరిగి రాలేదు. ఆ దుంగ మింగేసినట్టుగా పోయింది.

టక్. టక్.

మేస్త్రీతో చెప్పాను. అందరినీ నిలబెట్టి లెక్క చూశాడు, ఎవరూ తగ్గలేదు. చెల్లి కూడా సంచి భుజాన వేసుకుని వచ్చేసింది. దుంగల సందుల్లో, ఆ బోలులో టార్చి వేసి చూశారు. ఎవరూ లేరు. పచ్చి కలప ఆరేటప్పుడు అలాగే టకటకమంటుందని మేస్త్రీ కొట్టిపారేశాడు. చినుకులు మొదలయ్యాయి. టార్పాలిన్ లాగేశాం.

ఇక ఒక్క మూలే మిగిలింది. చెల్లి అక్కడుంది. నేను దుంగలకు ఇవతల సంచి ఎత్తుతున్నాను. అప్పుడు లోపలినుంచి...

"చెల్లీ... ఇటు రావే. చీకటిగా ఉంది."

అది నా గొంతు.

నా నోరు మూసే ఉంది. చేత్తో తడుముకుని చూసుకున్నాను.

"వస్తున్నా అక్కా" అంది చెల్లి అటునుంచి. టార్పాలిన్ కదిలింది.

గ్యాసు వదిలే మనిషి సిలిండరు మీద చెయ్యి వేసుకుని మేస్త్రీ వైపు చూస్తున్నాడు. ఆపండి అని అరవాలి... గొంతు లేవలేదు. పరుగెత్తాను. టార్పాలిన్ ఎత్తి పాకుతూ దూరాను. కన్ను పొడుచుకున్నా ఏమీ కనపడలేదు. తడుముతుంటే బోలు అంచు తగిలింది. చెయ్యి లోపలికి పెట్టాను. ఇంకో చెయ్యి నా చేతిని పట్టుకుంది.

చల్లగా ఉంది. గరుకుగా ఉంది. ఎవరిదా అని ఆలోచించలేదు. లాగాను. ఇద్దరం వెలుగులో పడ్డాం.

చెల్లే. జుట్టునిండా బెరడు పొడి. మేస్త్రీ ఇద్దరినీ నోటికొచ్చినట్టు తిట్టాడు. చెల్లి మారుమాట అనలేదు. ఆ మూల కూడా మూసేశాం. గ్యాసు వదిలారు.

టక్. టక్.

చెల్లి నా పక్కనే ఉంది. యార్డు జనమంతా కళ్లముందే ఉన్నారు. ఇంకెవరుంటారు? సంచి తీయలేదు.

టక్ టక్... టక్ టక్... చాలాసేపు. తర్వాత ఆగిపోయింది.

టార్పాలిన్ విప్పినప్పుడు లోపల ఎవరూ లేరు. దుంగలు ఓడెక్కి వెళ్లిపోయాయి.

ఆ రోజునుంచి మా రేడియో మూగబోయింది. జడుసుకుందన్నారు, తగ్గిపోతుందన్నారు. తింటుంది, పనికొస్తుంది, పడుకుంటుంది. ఇప్పటికీ ఒక్కసారి కూడా అక్కా అనలేదు.

నిన్న సాయంత్రం ఆ దుంగల్ని తీసుకెళ్లిన ఓడలో కళాసీల పెద్ద, సరంగు, మా యార్డుకు వచ్చాడు. అవి దిగిన దేశంలో కోత మిల్లులో ఒక బోలు దుంగను ఎవరూ ముట్టుకోవడం లేదట. రంపం దగ్గరికి తెస్తే లోపల ఆడమనిషి ఏడుస్తుందట. అక్కడివాళ్లకు మన మాటలు రావు. అర్థం తెలియకుండానే వాళ్లు బట్టీ పట్టిన ముక్కను సరంగు గుర్తుపెట్టుకుని వచ్చి నాకు చెప్పాడు.

"తట్టాను కదా అక్కా."

ఎలా ఇంటికి వచ్చానో తెలియదు. చెల్లి లోపలి గదిలో ఉంది. తలుపు దగ్గరికేసి ఉంది. పుట్టాక మొదటిసారి వీధంతా వినపడేలా పిలిచాను.

"చెల్లీ... నువ్వేనా లోపల?"

తలుపుకు చెవి ఆనించాను. లోపల, పచ్చి కలప మీద కొట్టినట్టు...

టక్. టక్.

ఆ గదిలో చెక్క సామాను ఒక్కటీ లేదు. తలుపు కూడా రేకుదే.